జోడీలో రెండో మనిషి

కంఠేశ్వర్, నిజామాబాద్
నవంబర్ 12

ప్రియమైన షాజియాకు,

ఫోన్‌లో అడగవలసిన సంగతే. మూడుసార్లు నీ నంబరు తీసి, నొక్కకుండా పెట్టేశాను. నువ్వు నవ్విస్తావు, నేను అడగాల్సింది మరిచిపోతాను. స్కూల్లో పక్కపక్కన కూర్చున్నప్పుడు కూడా నేను నీకు చీటీలే రాసేదాన్ని కదా.

నాకు ఉద్యోగం వచ్చింది. జ్యోతిరాణి గారని, రిటైరైన భూగోళం లెక్చరర్, మా ఇంటి దగ్గరే ఒక చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్నారు. వానలు లేకనో, ఉన్నట్టుండి ముంచెత్తడం వల్లనో ఊళ్లు వదిలిన వాళ్ల కథలు పన్నెండు పోగుచేసి పుస్తకం వేస్తున్నాం. వాళ్ల మాటల్లోనే ఉండాలని ఆవిడ పట్టుదల. పదకొండు అయ్యాయి. పన్నెండోది బోధన్ వైపు నుంచి కావాలి. చెరకు నరకడానికి మరఠ్వాడా నుంచి వస్తారే, వాళ్లలో ఎవరిదైనా.

నాకు మరాఠీ రాదు. వచ్చినా, ముక్కూ మొహం తెలియని మనిషి ఎదురుగా కూర్చుని మీ ఊరు ఎందుకు వదిలారని అడగడం నా వల్ల కాదు. మీ అమ్మీది దెగ్లూర్. నీకు మరాఠీ వచ్చు, మొహమాటం రాదు. ఎడపల్లిలో మా సతీష్‌బాబు బాబాయి పొలంలో ఈ వారమే కోత మొదలైంది. ఒక ఆదివారం వెళ్లి రాగలవా?

ప్రశ్నల కాగితం జత చేస్తున్నాను. ఖాళీలు నింపితే చాలు. మిగతాది నేను రాసుకుంటాను.

నీ
ఉదయశ్రీ

---

బోధన్
నవంబర్ 24

ఉదయకు సలాం.

నీ ప్రశ్నల కాగితం బాగా ఉపయోగపడింది. గట్టు తడిగా ఉంది, దాని మీద కూర్చున్నాను. మరకలతోనే నింపి జత చేస్తున్నాను.

మీ బాబాయి పొలం పక్కన పన్నెండు గుడిసెలు. చెరకు ఆకు గోడలు, పైన నీలం టార్పాలిన్లు. నేను పోయేసరికి ఆడవాళ్లు కట్టలు కడుతున్నారు. ఒకామె తల ఎత్తకుండానే "సర్కారోల్లా?" అని అడిగింది. కాదు, టీచర్‌ని అన్నాను. "గట్లయితే మేం తప్పు జెప్తే కొడ్తవా?" అంది. ఆమే రుక్మాబాయి. ముప్పై ఏళ్లుంటాయి. ఆమె మరాఠీలో చెప్పింది, నేను మన బోధన్ తెలుగులోకి మార్చి రాస్తున్నాను. నీ పుస్తకం భాషలోకి నువ్వు మార్చుకో.

ముందు ఒక సంగతి నేర్చుకో. వీళ్లలో మనుషుల్ని మనుషులుగా లెక్కపెట్టరు, కోయతాలుగా లెక్కపెడతారు. కోయతా అంటే చెరకు నరికే కత్తి. మొగుడూ పెళ్లాం కలిస్తే ఒక కోయతా. అతను నరుకుతాడు, ఆమె ఆకు దూసి కట్ట కడుతుంది, ఇద్దరూ తలల మీద మోసి లారీకి ఎక్కిస్తారు. ఒక్కరే వస్తే అర కోయతా. అర కోయతాకు గుడిసె ఇవ్వరు, పనిలోకీ తీసుకోరు. ఒంటరి మగాళ్లు ఇద్దరైతే జత చేస్తారు గానీ, మొగుడు లేని ఆడదాన్ని అన్నదమ్ములతో వచ్చినా తీసుకోరు. "కత్తిని సగం జేస్తె ఏం తెగుతది?" అంది రుక్మాబాయి.

ఆమెది ముఖేడ్ అవతల ఊరు. మూడేళ్లు వాన లేదు. ఊరి బావిలో పిల్లలు దిగి క్రికెట్ ఆడారట. తాగడానికి ట్యాంకరు వచ్చేది. ఇక ఈ ఆగస్టులో రెండు రోజులు పడింది చూడు, వాగు ఊళ్లోకి వచ్చింది. ఇల్లు కూలింది. పొలంలో మట్టి మొత్తం పోయి రాళ్లు తేలాయి. "మూడేండ్ల వాన ఒక్కపారే పంపిండు దేవుడు. పంచిపెట్టుడు రాదాయనకు" అంది.

ఇప్పుడు చెప్పేది నీకు చెబుతున్నాను, కాగితానికి కాదు.

ఆమెతో పనిచేస్తున్నతను దత్తు. ఆమె తమ్ముడు. కూలీల్ని తెచ్చే ముకద్దం మార్కండేయ రాసుకున్న లిస్టులో మాత్రం అతని పేరు కిషన్. కిషన్ ఆమె భర్త. నిరుడు వరకూ ఈమె కోయతాలో రెండో మనిషి ఆయనే. వాగు వచ్చిన రోజు తెల్లారి కొట్టంలో ఎడ్లను విప్పడానికి పోయాడు. ఎడ్లు రెండూ ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చాయి. ఆయన రాలేదు. శవం దొరకలేదు. దొరకలేదు కాబట్టి సర్కారు కాగితాల్లోనూ ఆయన పోయినట్టు లేదు. రుక్మాబాయి బొట్టు పెట్టుకుంటుంది, పుస్తెలు వేసుకుంటుంది. నేను ఏదో అనబోతే, "ఎవ్వలు సూసిండ్రు? నేనైతే సూడలే" అంది. తర్వాత నేను అడగలేదు.

షాజియా

---

కంఠేశ్వర్
డిసెంబర్ 2

ప్రియమైన షాజియాకు,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పను, నవ్వుతావు. బావిలో క్రికెట్ దగ్గర ఆగిపోయాను. పదకొండు కథల్లో ఎక్కడా అలాంటి ముక్క లేదు.

నాన్నమ్మకు చదివి వినిపించాను. తాతయ్యతో కలిసి కోస్తా నుంచి కోటగిరి వచ్చిన మొదటి రోజుల గురించి ఆవిడ ఎప్పుడూ చెబుతుంటుంది కదా, ఈసారి కూడా మొదలుపెడుతుందనుకున్నాను. పెట్టలేదు. "మేం కాలవ చూసుకుని వచ్చామే. వీళ్లు ఏం చూసుకుని వచ్చారు?" అని ఊరుకుంది. కాసేపయ్యాక, "ఆ పిల్ల బొట్టు పెట్టుకుంటోందన్నావు కదా. పెట్టుకోనీ" అంది.

ఒక చిక్కు వచ్చింది. ప్రశ్నల కాగితంలో ఏడోది నువ్వు ఖాళీగా వదిలేశావు. కుటుంబ సభ్యులు ఒక్కొక్కరి పేరు, పక్కన 'ఉన్నారు', 'లేరు' అని రెండు గళ్లు. ఏదో ఒక దానిలో టిక్ పెట్టాలి. పుస్తకం చివర పన్నెండు కుటుంబాల పట్టిక వేస్తున్నాం, కిషన్ దగ్గర ఖాళీ ఉంటే పట్టిక కుదరదని జ్యోతిరాణి గారు అంటున్నారు.

ఇంకొకటి అడుగుతాను. ఆమె పేరు మార్చి, ముకద్దం పేరు కూడా మార్చి, కిషన్ సంగతి రాయనా? అది లేకుండా కథ ఇల్లు కూలడం దగ్గర ఆగిపోతోంది.

నీ
ఉదయశ్రీ

---

బోధన్
డిసెంబర్ 8

ఉదయకు,

వద్దు.

ఖాళీగా ఉంచితే ఏమవుతుంది? ఖాళీ కూడా జవాబే అని మీ మేడమ్‌కు చెప్పు. కిషన్ సంగతి తీసేసి రాయి. బావి ఉంది, ట్యాంకరు ఉంది, రాళ్లు తేలిన పొలం ఉంది. అవి చాలవా?

నిన్న మళ్లీ పోయాను. ఇప్పుడు నా ఆదివారాలు అక్కడే. అమ్మీ పాత స్వెట్టర్లు మూటగట్టి ఇచ్చింది. రుక్మాబాయి ఒకటి తొడుక్కుని, చేతులు పొట్టిగా ఉన్నాయని తమ్ముడికి ఇచ్చింది. అతనికి ఇంకా పొట్టి. గుడిసెల్లో అందరూ అతన్ని చూసి నవ్వడమే పని. మీ బాబాయి కూడా వచ్చాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచినప్పుడు చెరకు బండ్లు మన స్కూలు గేటు దాకా బారులు తీరేవని, ఇప్పుడు లారీ పక్క జిల్లాకు పోవాలని, నాకు తెలిసిన సంగతే మళ్లీ చెప్పాడు. నువ్వు రచయిత్రివి అయ్యావని కూడా చెప్పాడు. ఆ మాట మాత్రం కొత్తది.

షాజియా

---

కంఠేశ్వర్
డిసెంబర్ 16

ప్రియమైన షాజియాకు,

ఇక్కడ చలి బాగా ఉంది. పుస్తకానికి అట్ట తయారవుతోంది. పగుళ్లు బారిన నేల బొమ్మ పెడదామన్నారు. అందరూ అదే పెడతారని నేను అన్నాను. గట్టిగానే అన్నాను, నువ్వు ఉంటే మెచ్చుకునేదానివి.

కథ పూర్తయింది. బాగా వచ్చిందన్నారు.

పుస్తకం గురించి తెలియడానికి ఒక కథ ముందుగా ఆదివారం పేపర్లో, జిల్లా పేజీలో వేస్తామన్నారు. ఏది వేస్తారో తెలియదు.

అమ్మీకి నా సలాం చెప్పు.

నీ
ఉదయశ్రీ

---

బోధన్
డిసెంబర్ 22

ఉదయశ్రీ గారికి,

ఏది వేశారో నిన్న తెలిసింది.

నేను అక్కడే ఉన్నాను. పది గంటలకు మీ బాబాయి బండి మీద వచ్చాడు, పేపరు పట్టుకుని. "మా అన్నయ్య కూతురు రాసిందయ్యా, మీ గురించే. కాసేపు పని ఆపండి, చదువుతాను" అన్నాడు. ఆయన మొహం ఎంత వెలిగిపోతోందో నువ్వు చూడవలసింది. అందరూ గట్టు మీద చేరారు. తెలుగులో ఒక వాక్యం చదవడం, హిందీలో చెప్పడం. బావి దగ్గరకు రాగానే "అరే, మా ఊరి బాయే గది" అని ఒకతను పక్కవాణ్ణి పొడిచాడు. క్రికెట్ దగ్గర అందరూ నవ్వారు. రుక్మాబాయి కూడా నవ్వింది.

తర్వాత చదివాడు. 'సావిత్రి భర్త ఆ వరదలో మరణించాడు. తమ్ముణ్ణే భర్తగా చూపించి ఆమె ఈ చెరకు తోటకు వచ్చింది.' హిందీలో కూడా చెప్పాడు. ఎవరో రాయి మీద కత్తి నూరుతున్నారు, ఆ చప్పుడు ఆగిపోయింది. మీ బాబాయికి అర్థమైంది గానీ ఎలా ఆపాలో తెలియక చివరి దాకా చదివాడు. కింద నీ పేరు కూడా చదివాడు.

నువ్వు ఆమె పేరు మార్చావు. ముకద్దం పేరు మార్చావు. బావినీ ఎడ్లనీ మార్చలేదు. అవి బాగున్నాయి కదా.

నేను మార్కండేయను పక్కకు పిలిచి బతిమాలాను. అతను ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "టీచరమ్మా, నాకెరుక. ఈడున్న అందరికెరుక. లిస్టుల కిషన్ అని రాసింది నేనే. ఎరుకుండుడు వేరు, పదిమంది ముందట సదివితె వినుడు వేరు. రేపు ఎవడన్న వచ్చి, మొగుడు లేనామెకు గుడిసె ఇచ్చినవు, మా అక్కకెందుకియ్యవని అడుగుతడు. ఏమని జెప్పాలె నేను?"

దత్తును కోటగిరి దగ్గర వేరే ముఠాకు పంపాడు. అక్కడ ఇంకో ఒంటరి మగాడితో కలిపి కోయతా చేస్తారు. రుక్మాబాయి అర కోయతా. జనవరి అయిదున ఒక లారీ ముఖేడ్ వైపు ఖాళీగా పోతుంది, అందులో పంపించేస్తానన్నాడు. ఎక్కడికి పంపుతాడు? ఇల్లు లేదు, పొలం లేదు. అది నువ్వే రాశావు.

ఆమె నన్ను ఏమీ అనలేదు. నిన్నూ అనలేదు. లారీ నిండే దాకా కట్టలు కట్టింది.

స్కూల్లో సిస్టర్ నీకు ఎప్పుడూ నీట్‌నెస్‌కు పదికి పది వేసేది. ఖాళీ గడి చూస్తే నీకు ఊపిరాడదు.

షాజియా పర్వీన్

---

కంఠేశ్వర్
డిసెంబర్ 26

షాజియాకు,

ఏది వేస్తారో తెలియదని రాసింది అబద్ధం. నేనే ఆ కథ నకలు తీసి పేపరు ఆఫీసుకు పంపాను. నువ్వు వద్దన్న ఉత్తరం అప్పటికి నా బల్ల మీదే ఉంది.

జ్యోతిరాణి గారి మీదకు నెట్టను. ఆవిడ గడి నింపమన్నారు గానీ ఏది నింపాలో చెప్పలేదు. 'లేరు'లో టిక్ నేను పెట్టాను. ఆ తర్వాత 'మరణించాడు' అని రాయడం తేలికైంది. పేరు మార్చాను కాబట్టి తప్పు లేదనుకున్నాను. ఆ రెండు వాక్యాలు ఉంటే కథ బాగుంటుందని రాశాను, షాజియా. ఆమె కోసం కాదు. చదివినవాళ్లు నన్ను మెచ్చుకోవాలని.

క్రిస్మస్ రోజు పేపరు ఆఫీసుకు వెళ్లాను. రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నాను. ఎడిటర్ గారు, "కథకు సవరణ ఏమిటమ్మా, ఎవరు పట్టించుకుంటారు?" అన్నారు. ఒక కుటుంబం పట్టించుకుంటుందన్నాను. శవం దొరకలేదు, మీరు మరణించాడని అచ్చేశారు, అది తప్పు వార్త అన్నాను. ఇంకా ఏదో అన్నాను, గుర్తు లేదు. ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఈ ఆదివారం సవరణ వేస్తామన్నారు. నాలుగు లైన్లు, నేనే రాసిచ్చాను:

'గత ఆదివారం ఈ పేజీలో వచ్చిన కథనంలో సావిత్రి భర్త మరణించినట్టు పొరపాటున ప్రచురితమైంది. వరద తర్వాత ఆయన ఆచూకీ ఇంతవరకు తెలియలేదు. పొరపాటుకు చింతిస్తున్నాం.'

మార్కండేయ పదిమందిలో విన్నానన్నాడు కదా. ఇది కూడా పదిమందిలో వినాలి. నువ్వు వెళ్లి చదువుతావా? నీ మాట వాళ్లు వింటారు. నా మాట ఎందుకు వినాలి?

ఉదయశ్రీ

---

బోధన్
డిసెంబర్ 30

ఉదయకు,

పేపరు చూశాను. నాలుగు లైన్లే గానీ పైన గడి కట్టి వేశారు, కనబడుతుంది.

స్కూల్లో సెలవు దొరకదని రాద్దామనుకున్నాను. సెలవు ఉంది. నేను చదవను. ఒకరి కథ ఇంకొకరి చేతికిస్తే ఏమవుతుందో ఇద్దరం చూశాం. ఈసారి ఎవరు రాశారో వాళ్ల నోటి నుంచే వినాలి.

రుక్మాబాయి మూట కట్టి పెట్టుకుంది. గుడిసె ఇంకో జంటకు ఇచ్చేశారు, ఆమె మీ బాబాయి పంపుసెట్ గదిలో ఉంటోంది. ఆయనే ఇచ్చాడు. పేపరు చదివిన రోజు నుంచి పొలంలోకి రావడం లేదట, గట్టు దాకా వచ్చి తిరిగి పోతున్నాడట. ఆయనను వెంటబెట్టుకుని పో. హిందీ ఆయన చెబుతాడు.

పొద్దున ఆరున్నరకు పో. అందరూ ఒకచోట ఉండేది అప్పుడే. చెప్పులు కాదు, బూట్లు వేసుకో. చెరకు మోళ్లు గుచ్చుకుంటాయి.

షాజియా

---

కంఠేశ్వర్
జనవరి 4

ప్రియమైన షాజియాకు,

నిన్న వెళ్లాను. వచ్చి పడుకుని, ఇప్పుడు లేచి రాస్తున్నాను.

బాబాయి రానన్నాడు. "ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటావే?" అన్నాడు. నాకూ అదే భయమని చెప్పాను. చొక్కా తొడుక్కుని వచ్చాడు.

మంచు పట్టి ఉంది. వాళ్లు నిప్పు చుట్టూ కూర్చుని టీ తాగుతున్నారు. రుక్మాబాయి ఎవరో నాకు ఎవరూ చూపించలేదు. కొంచెం ఎడంగా, మూట పక్కన ఒకామె నిలబడి ఉంది. బొట్టు ఉంది. నేను పేపరు తీసి చదివాను. "వినబడ్తలేదు" అన్నారెవరో. మళ్లీ చదివాను. "గట్టిగ సదువమ్మా, మేమేం కొట్టం" అన్నాడు మార్కండేయ. మూడోసారి చదివాను. అది రాసిన అమ్మాయిని నేనేనని, తప్పు నాదేనని కూడా చెప్పాను. బాబాయి హిందీలో చెప్పాడు, ఆ చివరి మాటతో సహా.

మార్కండేయ నావైపు చూసి, "పోయిన వారం సచ్చిండు, ఈ వారం బతికిండు. వచ్చే ఆదివారం ఏమైతడు?" అన్నాడు. దానికి రుక్మాబాయి మరాఠీలో ఏదో అంది. అందరూ ఒక్కసారిగా నవ్వారు, టీ ఒలికేంత. నేను బాబాయి వంక చూశాను. "వచ్చే ఆదివారం మటన్ తెస్తాడట" అన్నాడు.

మార్కండేయ చెయ్యి చాపి పేపరు అడిగాడు. అతనికి తెలుగు చదవడం రాదు. అయినా ఆ గడిని వేలితో తడిమి చూసుకుని, ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఎవడన్న అడిగితే గిది సూపిస్త, మొగుడు లేనామె కాదంట. ఇగ లేవుండ్రి, లారీ వస్తది" అన్నాడు. దత్తును పిలిపించడానికి ఫోన్ కూడా అక్కడే చేశాడు. గుడిసె మాత్రం ఇప్పించలేనన్నాడు. పంపుసెట్ గది సీజన్ అయ్యేదాకా వాళ్లదేనని బాబాయి అన్నాడు.

నేను వచ్చేస్తుంటే రుక్మాబాయి రోడ్డు దాకా వచ్చింది. ఇన్ని సీజన్లు వచ్చి ఆమెకు కొంచెం తెలుగు వచ్చు, నీకు చెప్పలేదేమో. క్షమించమని అడగాలని నేను బస్సులో వాక్యం తయారు చేసుకున్నాను. ఆమె ముందే మొదలుపెట్టింది.

"నువు రాసింది తప్పు కాదు, చెల్లె. వాగు తగ్గినంక ఆయన అంగి దొరికింది, ముండ్లకంపకు. నేనే తీసిన. ఎవ్వలకు చెప్పలే" అంది.

నేను బస్సులో తయారు చేసుకున్న వాక్యం వదిలేశాను.

"మార్చిల కోత అయిపోతది. మార్చి దాంక ఆయన బతకాలె. ఊరికి పోయినంక ఏడుస్త" అంది. బస్సు వస్తుంటే చెయ్యి ఎత్తి తనే ఆపింది.

ఈ సంగతి నీకు చెప్పవచ్చా అని అడిగాను. ఆలోచించింది. "టీచరమ్మకు చెప్పు" అంది.

ఈరోజు జ్యోతిరాణి గారి ఇంటికి వెళ్లి, పుస్తకం పదకొండు కథలతో వేయమన్నాను. మరి పన్నెండోది ఏమైందని అడిగారు.

ఇంకా జరుగుతోందని చెప్పాను.

నీ
ఉదయ